కెమెరా లెక్కకు అందని సగం

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరీక్షకు పెట్టే నమూనా చాలా పలచన. వంద నానోమీటర్లుంటే మందమనే అంటారు; ప్రోటీన్లను చూడాలంటే ఇంకా పలచగా ఉండాలి. అంత పలచటి పొరలోకి దూసుకుపోయిన ఎలక్ట్రాన్లు అందులో ఇంకిపోవు. ఎన్ని వెళ్లాయో దాదాపు అన్నీ అవతలికి వచ్చేస్తాయి. కింద ఉన్న కెమెరాకు తెలిసింది ఒక్కటే విద్య: ఏ గడిలో ఎన్ని ఎలక్ట్రాన్లు పడ్డాయో లెక్కపెట్టడం. వెళ్లినవన్నీ వచ్చేస్తే ఏ గడి చూసినా ఒకటే లెక్క. అందుకే, పలచటి మంచుపొరలో బిగించిన ప్రోటీన్‌ను కచ్చితంగా ఫోకస్ చేసి ఫొటో తీస్తే తెర మీద బూడిదరంగు తప్ప దాదాపు ఏమీ కనిపించదు. కోట్ల రూపాయల యంత్రం, తప్పులేని ఫోకస్, ఖాళీ బొమ్మ.

అయితే నమూనా ఎలక్ట్రాన్ మీద తన ముద్ర వేసే పంపింది. ఆ ముద్ర పడింది ఎలక్ట్రాన్ తరంగపు దశ మీద. జాతకాల్లో వినిపించే దశ వేరు, ఇది వేరు. కదిలే ప్రతి కణానికీ తరంగ స్వభావం ఉంటుందని 1924లో ఫ్రాన్స్‌కు చెందిన లూయీ ద బ్రోయీ ప్రతిపాదించాడు. 300 కిలోవోల్టుల మైక్రోస్కోపులో ఎలక్ట్రాన్ కాంతి వేగంలో 78 శాతం వేగంతో పోతుంది. అప్పుడు దాని తరంగదైర్ఘ్యం సుమారు 2 పికోమీటర్లు, అంటే హైడ్రోజన్ పరమాణువు వ్యాసంలో యాభయ్యో వంతు. ఏ తరంగం గురించైనా రెండు సంగతులు తెలియాలి. అది ఎంత ఎత్తుకు లేస్తుందన్నది మొదటిది. దాన్ని కంపన పరిమితి అంటారు. ఫలానా చోట, ఫలానా క్షణాన అది శిఖరం మీద ఉందా, లోయలో ఉందా, మధ్యలో ఉందా అన్నది రెండోది, అదే దశ. కెమెరాకు చిక్కేది మొదటిదాని వర్గం మాత్రమే. దానికే తీవ్రత అని పేరు. రెండోది కెమెరా దగ్గరికి వచ్చి కూడా నమోదు కాకుండానే పోతుంది.

దశను ఇంగ్లీషులో ఫేజ్ అంటారు. ఆ మాట ఊళ్లలో కొత్తదేమీ కాదు. వ్యవసాయ మోటారుకు వచ్చే త్రీఫేజ్ కరెంటులో మూడు తీగలుంటాయి. ఒక్కో తీగకూ న్యూట్రల్‌కూ మధ్య మీటరు పెడితే మూడింటిలోనూ 230 వోల్టులే చూపిస్తుంది. టెస్టరు పెడితే మూడింటి మీదా ఒకేలా వెలుగుతుంది. ఆ మీటరును నమ్ముకుంటే మూడు తీగలకూ తేడా ఏమీ లేనట్టే. కానీ వాటిలో రెండు తీగలను అటుదిటు మార్చి బిగిస్తే మోటారు వెనక్కి తిరుగుతుంది, నీళ్లు సరిగా ఎక్కవు. మూడు తీగల్లోనూ వోల్టేజి సెకనుకు 50 సార్లు ఊగుతుంది గానీ ఒకదాని వెనక ఒకటి, చక్రంలో మూడో వంతు ఆలస్యంగా ఊగుతుంది. ఆ ఆలస్యమే ఫేజ్. తీగలను విడివిడిగా కొలిస్తే అది కనిపించదు. రెండు ఫేజు తీగల మధ్య మీటరు పెడితే మాత్రం ముల్లు 400 వోల్టుల దాకా వెళ్తుంది. రెండూ ఒకేసారి ఊగుతుంటే అక్కడ సున్నా రావాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో దశను రాబట్టే పద్ధతులు ఎన్ని ఉన్నా, వాటి కీలకం ఈ రెండో కొలతలోనే ఉంది. ఒక్క తరంగాన్ని ఒంటరిగా ఒక్కసారి కొలిస్తే దశ దొరకదు. పక్కన మరో తరంగాన్ని నిలబెట్టాలి, లేదా అదే తరంగాన్ని మరో స్థితిలో ఇంకోసారి కొలవాలి.

అంత కష్టపడి దశనే ఎందుకు పట్టుకోవాలంటే, పదార్థం గురించి చెప్పేది అదే కాబట్టి. పరమాణు కేంద్రకాల ధనావేశం ఎలక్ట్రాన్‌ను కాస్త లాగి వేగం పెంచుతుంది. పదార్థంలో ఉన్నంతసేపూ దాని తరంగదైర్ఘ్యం రవ్వంత తగ్గుతుంది. అందుకని ఖాళీలోంచి వచ్చిన తరంగానికీ, పదార్థంలోంచి వచ్చిన తరంగానికీ అడుగులు కలవవు. పది నానోమీటర్ల కార్బన్ పొర దాటిన 300 కిలోవోల్టుల ఎలక్ట్రాన్‌కు వచ్చే తేడా పూర్తి చక్రంలో పదో వంతు. అయస్కాంత క్షేత్రం కూడా దశను మారుస్తుంది. అంటే దశాచిత్రం చేతిలో ఉంటే పరమాణువులు ఎక్కడున్నాయి, మందం ఎంత, లోపలి విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు ఎలా పరుచుకున్నాయి అన్నవన్నీ లెక్కకట్టవచ్చు.

దశను రాబట్టే పద్ధతులన్నిటిలోకీ పాత ఉపాయం ఫోకస్‌ను కావాలని చెడగొట్టడం. దాని సూత్రాన్ని నీళ్ల తొట్టి దగ్గర చూడవచ్చు. మిట్టమధ్యాహ్నం సిమెంటు తొట్టి అడుగున వెలుగు గీతలు వలలా అల్లుకుని కదులుతుంటాయి. పైనున్న నీళ్లు తేటగా ఉన్నాయి, వెలుతురును మింగలేదు. ఉపరితలం మీది చిన్న అలలు కిరణాలను కొంచెం అటూ ఇటూ వంచాయి, అంతే. ఒక తెల్లటి పళ్లేన్ని నీటి మట్టానికి ఆనీ ఆననట్టు ముంచితే దాని మీద వల కనిపించదు. పళ్లేన్ని మెల్లగా కిందికి దించుతూ పోతే, వంగిన కిరణాలు ఒకచోట గుమిగూడి, మరోచోట పలచబడి, గీతలు తేలుతాయి. ఉపరితలం దగ్గర పళ్లెం పెట్టడం సరైన ఫోకస్. కిందికి దించడం ఫోకస్ చెడగొట్టడం. ఉపరితలంలో దాగిన ఎగుడుదిగుడు దూరంలో వెలుగునీడలుగా మారింది.

మైక్రోస్కోపులో పళ్లేన్ని కదపనక్కర్లేదు, అయస్కాంత కటకంలోని కరెంటును కొద్దిగా మారిస్తే చాలు. గుండ్రని అయస్కాంత కటకాలకు పుట్టుకతో ఒక లోపం ఉంది: అంచుల వెంట వచ్చిన ఎలక్ట్రాన్లు నడిమధ్యగా వచ్చినవాటి కంటే ముందే కలుస్తాయి. గుండ్రటి, స్థిరమైన కటకాలతో ఈ లోపం తప్పదని 1936లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఒట్టో షెర్జర్ నిరూపించాడు. ఆయనే 1949లో, ఈ లోపానికి తగుమాత్రం డీఫోకస్, అంటే ఫోకస్ తప్పించడం, జోడిస్తే పరమాణువుల స్థాయి వివరాలు వెలుగునీడలుగా బయటపడతాయని చూపించాడు. రెండు తప్పులు కలిసి ఒక పని చక్కబెట్టిన అరుదైన సందర్భం ఇది. సరైన ఫోకస్‌కు కాస్త అవతల ఉండే ఆ స్థానాన్ని ఇప్పటికీ షెర్జర్ డీఫోకస్ అనే పిలుస్తారు.

ఈ ఉపాయానికి మూల్యం ఉంది. ఫోకస్ చెడగొడితే అన్ని వివరాలూ ఒకే తీరుగా బయటపడవు. కొంత పరిమాణంలోని వివరాలు నల్లగా వస్తాయి, అంతకంటే సన్నటివి తిరగబడి తెల్లగా వస్తాయి, మధ్యలో కొన్ని బొత్తిగా కనిపించవు. 1966లో ఫ్రీడ్రిష్ థాన్ కార్బన్ పొర ఫొటోలను వివర్తన పరీక్షకు పెట్టినప్పుడు ఈ తిరగబాటు ఒకదాని చుట్టూ ఒకటి నల్లటి, తెల్లటి వలయాలుగా కనిపించింది. థాన్ వలయాలు చూడగానే ఫోకస్ ఎంత తప్పిందో, కటకం ఏ దిక్కుకు వంకరగా ఉందో తెలిసిపోతుంది. ఆ లెక్క తెలిశాక కంప్యూటర్‌లో నలుపు తెలుపుల తిరగబాటును సరిదిద్దడం సులువే. అసలు కనిపించకుండా పోయినవాటికి మాత్రం మరో డీఫోకస్‌లో మరో ఫొటో తీయాల్సిందే. ఒక ఫొటోలోని ఖాళీలు ఇంకోదానిలో నిండుతాయి. 1968లో పీటర్ షిస్కే ఈ ఆలోచనను గణితంలో పెట్టాడు. తర్వాతి దశాబ్దాల్లో ఒకే నమూనాను వరసగా వేర్వేరు ఫోకస్‌లలో తీసి, అన్నిటికీ సరిపోయే ఒకే ఒక్క తరంగాన్ని కంప్యూటర్‌తో వెతికించే పద్ధతి స్థిరపడింది.

ఫోకస్ చెడగొట్టకుండానే దశను వెలుగునీడలుగా మార్చే మరో దారిని మామూలు కాంతి మైక్రోస్కోపులో ఫ్రిట్స్ జెర్నికె చూపించాడు. నమూనాలో వంగకుండా నేరుగా వచ్చిన కాంతిని ఒక పలకతో పావు చక్రం జరిపితే సజీవ కణాలు రంగు వేయకుండానే కనిపిస్తాయి. దానికి 1953లో నోబెల్ వచ్చింది. ఎలక్ట్రాన్లకు అలాంటి పలక చేయడం సుదీర్ఘకాలం తలనొప్పిగానే మిగిలింది. పుంజం తగిలేచోట ఏది పెట్టినా అది మాసిపోతుంది, లేదా ఆవేశం పోగేసుకుంటుంది. వేడిచేసిన కార్బన్ పొరతో పనిచేసే వోల్టా పలక 2014లో వచ్చి కొంత ఊరటనిచ్చింది గానీ, దాని దశామార్పు వాడేకొద్దీ జరుగుతూ పోవడంతో చాలామంది మళ్లీ డీఫోకస్‌కే వచ్చారు.

పక్కన మరో తరంగాన్ని నిలబెట్టే ఆలోచన డెనిస్ గాబర్‌ది. హంగరీలో పుట్టి ఇంగ్లండ్‌లోని రగ్బీ పట్టణంలో ఒక విద్యుత్ కంపెనీ పరిశోధనశాలలో పనిచేస్తున్న ఈ ఇంజినీరుకు 1947 ఈస్టర్ సెలవుల్లో, టెన్నిస్ కోర్టు దగ్గర తన వంతు కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు ఈ ఊహ తట్టిందట. షెర్జర్ చెప్పిన కటకం లోపాన్ని తొలగించలేనప్పుడు, చెడిన బొమ్మనే సమస్త సమాచారంతో పట్టుకుని తర్వాత బాగుచేసుకుంటే సరిపోదా? అందుకు నమూనాలో వంగిన తరంగం మీద వంగని తరంగాన్ని కలిపి ఫొటో తీయాలి. రెండూ ఒకే అడుగులో కలిసినచోట వెలుగు, ఎదురు అడుగులో కలిసినచోట చీకటి పడతాయి. ఆ చారల అమరికలో దశ మొత్తం దాగి ఉంటుంది. తరవాత ఆ ఫొటో మీదికి మామూలు కాంతి పంపి, దాదాపు లక్ష రెట్లు పెద్ద తరంగాలతో, గాజు కటకాలతో లోపాన్ని సరిచేయాలన్నది ఆయన పథకం. 1948లో ప్రచురించిన ఈ పద్ధతికి, గ్రీకులో 'సమస్తం' అనే అర్థమున్న మాట నుంచి హోలోగ్రామ్ అనే పేరు పుట్టింది. లేజర్ ఇంకా పుట్టలేదు. ఆయన పాదరస దీపంతోనే తొలి నమూనాలు చేసి చూపించాడు. ఎలక్ట్రాన్లతో చేయబోతే కుదరలేదు. అడుగు కలిపి నడిచే ఎలక్ట్రాన్లనిచ్చే మూలం లేదు, యంత్రాలు అదిరేవి, పైగా అసలు బొమ్మ మీద దాని జంట బొమ్మ కూడా పడి అంతా అలికినట్టయ్యేది. 1950లు సగం గడిచేసరికి ఆ ప్రయత్నం మూలపడింది. గాబర్‌కు 1971లో నోబెల్ వచ్చేనాటికి హోలోగ్రఫీ లోకానికి తెలిసింది లేజర్ బొమ్మలుగానే; అసలు పుట్టింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసమని ఈనాటికీ చాలామందికి తెలియదు.

గాబర్ ప్రయత్నం మూలపడుతున్న రోజుల్లోనే జర్మనీలోని ట్యూబింగెన్‌లో గాట్‌ఫ్రీడ్ మోలెన్‌స్టెట్, హైన్రిష్ డ్యూకర్ తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి తీగను ఎలక్ట్రాన్ పుంజానికి అడ్డంగా బిగించారు. తీగకు ధనావేశం ఇస్తే దానికి రెండు పక్కలా వెళ్లే ఎలక్ట్రాన్లు లోపలికి వంగి కింద ఒకదానిమీద ఒకటి పడతాయి. ఒక పక్కన నమూనాను పెట్టి, రెండో పక్కను ఖాళీగా వదిలితే ఇక్కడ జరిగేది రెండు ఫేజుల మధ్య మీటరు పెట్టడమే. తెర మీద సమాంతరంగా సన్నటి చారలు వస్తాయి. నమూనా లేనిచోట అవి తిన్నగా ఉంటాయి; దశ మారినచోట పక్కకు జరుగుతాయి. చార ఎంత జరిగిందో కొలిస్తే దశ చేతికొచ్చినట్టే. ఒక చార సరిగ్గా పక్కచార స్థానంలోకి జరిగితే తేడా పూర్తి చక్రం. రెండు తరంగాలు ఏటవాలుగా కలవడం వల్ల గాబర్‌ను వేధించిన జంట బొమ్మ కూడా విడిపోతుంది.

ఈ పద్ధతికి పదును పెట్టింది జపాన్‌లో హిటాచీ సంస్థకు చెందిన అకిరా తోనోమురా. సన్నటి లోహపు మొన నుంచి విద్యుత్ క్షేత్రంతో ఎలక్ట్రాన్లను లాగే మూలాలు అప్పటికి అందుబాటులోకి వచ్చాయి. 1986లో ఆయన బృందం గారె ఆకారంలోని అతిచిన్న అయస్కాంతాన్ని అతివాహక పొరతో కప్పేసి, బయటికి అయస్కాంత క్షేత్రం చుక్క కూడా కారకుండా చేసి, గారె చిల్లులోంచి వెళ్లిన ఎలక్ట్రాన్లను బయటినుంచి వెళ్లినవాటితో కలిపింది. క్షేత్రాన్ని ఎక్కడా తాకకపోయినా రెండింటి దశలో తేడా వచ్చింది. 1959లో యాకిర్ అహరోనోవ్, డేవిడ్ బోమ్ చెప్పిన ఫలితం మీద నడుస్తున్న వాదులాటకు ఈ ప్రయోగం దాదాపు తెరదించింది. 1989లో అదే బృందం ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపింది. తెర మీద మొదట ఎక్కడపడితే అక్కడ చుక్కలు పడ్డాయి. వేలు దాటాక చుక్కలే చారలుగా వరసదేరాయి. ఎలక్ట్రాన్ ఒంటరిగా వచ్చినా దానికి దశ ఉందన్నమాట.

హోలోగ్రఫీకి తీగ కావాలి, నమూనా పక్కన ఖాళీస్థలం కావాలి. అవేవీ లేకుండా తొట్టిలోని పళ్లేన్ని మళ్లీ చేతిలోకి తీసుకునే పద్ధతి ఒకటి 1983లో మైకేల్ టీగ్ రాసిన సమీకరణంతో వచ్చింది. ఫోకస్‌కు కొంచెం ఇవతల ఒక ఫొటో, ఫోకస్‌లో ఒకటి, కొంచెం అవతల ఒకటి తీస్తారు. ఎలక్ట్రాన్లు దారిలో మాయం కావు కాబట్టి ఒక గడిలో తగ్గినవి పక్క గడుల్లోకి పోయి ఉండాలి. ఎక్కడ తగ్గాయో, ఎక్కడ పెరిగాయో చూస్తే అవి ఏ వైపు వంగి ప్రవహించాయో తెలుస్తుంది. తరంగం వాలు అటే. వాలు ప్రతిచోటా తెలిస్తే కొండ ఆకారం గీయవచ్చు. అయస్కాంత పదార్థాల్లో స్కిర్మియాన్లనే అయస్కాంత సుడులను 2010లో జపాన్ శాస్త్రవేత్తలు నేరుగా చూడగలిగింది ఈ పద్ధతితోనే. దీని బలహీనత కూడా వాలు లెక్కలోనే ఉంది: సన్నటి వివరాలు చక్కగా వస్తాయి గానీ, మెల్లగా మారే విశాలమైన ఎత్తుపల్లాల దగ్గర ఫొటోలోని చిన్న రొద పెద్దదై బొమ్మ మీద మబ్బుమరకలు కమ్ముకుంటాయి.

ఇక మిగిలింది వివర్తన చిత్రం. కటకం ఒకే నమూనా నుంచి రెండు రకాల చిత్రాలివ్వగలదు: ఒకటి మామూలు బొమ్మ, రెండోది తరంగం ఏ కోణంలో ఎంత చెదిరిందో చూపే చుక్కల చిత్రం. ఎక్స్‌రే స్ఫటిక శాస్త్రంలో పరమాణువులను చూపేంత మంచి కటకం లేక చుక్కల చిత్రం ఒక్కటే దొరికేది; పోయిన దశను ఊహించడం అక్కడ ఒక తరం శాస్త్రవేత్తలకు జీవితకాలపు పని. 1956లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, ఎస్. రామన్ ఇచ్చిన పద్ధతి కూడా ఆ వెతుకులాటలోదే. చుక్కల చిత్రంలో దశ విలువ ఎంతో 1981లో అలన్ ఓపెన్‌హైమ్, జే లిమ్ తేటగా చూపించారు. రెండు ఫొటోలను గణితంతో అలలుగా విడగొట్టి, ఒకదాని కంపన పరిమితులకు రెండోదాని దశలు అతికించి తిరిగి కూరిస్తే, వచ్చే బొమ్మ దశలిచ్చిన ఫొటోనే పోలి ఉంటుంది.

ఎలక్ట్రాన్లకు రెండు చిత్రాలూ దొరుకుతాయి. 1972లో కేంబ్రిడ్జ్‌లో గెర్చ్‌బర్గ్, సాక్స్‌టన్ ఆ సౌకర్యాన్ని వాడుకున్నారు. బొమ్మలోని కంపన పరిమితి తెలుసు, దశ తెలియదు. తోచిన దశ ఏదో పెట్టి మొదలుపెడతారు. దాన్నుంచి చుక్కల చిత్రం ఎలా ఉండాలో లెక్కగడతారు. లెక్కలో వచ్చిన కంపన పరిమితులను తీసేసి కొలిచినవి పెడతారు, దశను మాత్రం ఉంచుకుంటారు. మళ్లీ వెనక్కి బొమ్మ వైపు లెక్కగడతారు, అక్కడా కొలిచినవి పెట్టి దశను ఉంచుకుంటారు. వందలసార్లు ఇలా అటూ ఇటూ తిప్పితే రెండు చిత్రాలకూ సరిపోయే దశ మెల్లగా కుదురుకుంటుంది. ప్రతి చుట్టుకూ తప్పు తగ్గుతుంది, లేదా అక్కడే ఆగుతుంది, పెరగదు. ఆగిపోవడమే దీంతో చిక్కు. దగ్గరిదగ్గరి తప్పు జవాబులో ఇరుక్కుంటే బయటికి రాదు. జేమ్స్ ఫీనప్ 1978 నుంచి దీనికి మెరుగులు దిద్దాడు. నమూనా ఒక హద్దులోపలే ఉందని, దాని బయట ఖాళీ అని ముందే తెలిస్తే చుక్కల చిత్రం ఒక్కటీ చాలని చూపించాడు. 2003లో అమెరికాలోని ఇలినాయ్‌లో జియాన్-మిన్ జువో బృందం ఒక కార్బన్ నానోగొట్టాన్ని ఇలా ఎలక్ట్రాన్ చుక్కల నుంచే పరమాణువుల స్థాయిలో పునర్నిర్మించింది.

ఇరుక్కుపోయే బెడదకు మందు 1969లోనే జర్మనీలో వాల్టర్ హోపె ఊహించాడు. దాని పేరు టైకోగ్రఫీ, గ్రీకులో 'మడత' అనే మాట నుంచి వచ్చింది. నమూనా అంతటినీ ఒకేసారి చూడకుండా, చిన్న వెలుగు మచ్చను దాని మీద చోటుచోటుకూ జరుపుతూ ప్రతిచోటా ఒక చుక్కల చిత్రం తీస్తారు. పెంకుటింటి కప్పు మీద ఒక పెంకు అంచు పక్కదాని మీదికి ఎక్కి ఉన్నట్టు, ఒక మచ్చ పక్క మచ్చతో సగానికి పైగా కలిసి ఉండాలి. కలిసిన భాగంలో నమూనా ఒకటే. కాబట్టి రెండు చిత్రాల నుంచి వచ్చిన దశలు అక్కడ ఒప్పుకోవాలి. తప్పు జవాబుకు పక్కవాళ్ల సాక్ష్యం దొరకదు. బ్రిటన్‌లో జాన్ రోడెన్‌బర్గ్ ఈ ఆలోచనను దశాబ్దాల పాటు మోశాడు. 2004లో వచ్చిన గణన పద్ధతితో అది మామూలు ప్రయోగశాలకు అందింది. తర్వాతి మెరుగులతో వెలుగు మచ్చ ఆకారాన్ని కూడా ముందే తెలియనక్కర్లేకుండా లెక్కే కనిపెట్టుకుంటుంది. అంటే కటకం లోపం కూడా లెక్కలో తేలి పక్కకు తప్పుకుంటుంది. షెర్జర్ తప్పదన్న లోపానికి గాబర్ కోరుకున్న పరిష్కారం ఇదే.

టైకోగ్రఫీకి అడ్డంగా నిలిచింది కెమెరా. 256 వరసల్లో వరసకు 256 చోట్ల, ప్రతిచోటా 128 గడుల వెడల్పు, 128 గడుల ఎత్తున్న చిత్రం తీస్తే మొత్తం 107 కోట్ల అంకెలు. చుక్కల్లో నడిమిది కళ్లు చెదిరేంత ప్రకాశం, అంచువి ఒకటీ అరా ఎలక్ట్రాన్లు. రెంటినీ ఒకే చిత్రంలో, వేగంగా లెక్కపెట్టగలిగే కెమెరాను అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో తయారుచేసుకున్నారు. దానితో డేవిడ్ ముల్లర్ బృందం 2018లో ఒంటిపొర మాలిబ్డినమ్ డైసల్ఫైడ్‌ను 80 కిలోవోల్టుల దగ్గరే 0.39 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూసింది. 2021లో ప్రాసియోడిమియం స్కాండేట్ స్ఫటికం వంతు వచ్చింది. అది ఒంటిపొర కాదు, ఎలక్ట్రాన్ లోపల పలుమార్లు చెదురుతుంది. అందుకని స్ఫటికాన్ని కంప్యూటర్‌లో పలచటి ముక్కలుగా కోసి, ముక్కముక్కకూ దశ లెక్కగట్టారు. వచ్చిన బొమ్మలో మిగిలిన మసకకు ప్రధాన కారణం యంత్రం కాదు, వేడికి పరమాణువులే తమ స్థానాల్లో అదురుతుండటం.

ఏ పద్ధతికైనా రెండు ఇబ్బందులు పోలేదు. దశ గడియారం ముల్లు లాంటిది, పూర్తి చుట్టు తిరిగితే మళ్లీ మొదటికే వస్తుంది. మందపాటి చోట రెండు చుట్లు తిరిగిందా, మూడు తిరిగిందా అన్నది పక్కపక్క గడులను పోల్చి కలుపుకుంటూ పోవాలి; రొద ఎక్కువైతే ఎక్కడో ఒక చుట్టు తప్పి, అక్కడినుంచి బొమ్మ అంతా మెట్టు జారుతుంది. రెండోది నమూనా ఓర్పు. స్ఫటికం ఎన్నో ఎలక్ట్రాన్లను తట్టుకుంటుంది, ప్రోటీన్ తట్టుకోదు. మామూలుగా చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు 40 నుంచి 60 ఎలక్ట్రాన్లు పంపేసరికే దాని సన్నటి వివరాలు చెరిగిపోతాయి. అన్ని ఎలక్ట్రాన్లతో ఒక్క ప్రోటీన్ దశను తేల్చడం కష్టం గనుక, ఒకే రకం ప్రోటీన్లవి లక్షల ఫొటోలు తీసి సగటు కడతారు. ఝాక్ దుబోషే, యోఆకిమ్ ఫ్రాంక్, రిచర్డ్ హెండర్సన్‌లకు 2017 రసాయనశాస్త్ర నోబెల్ తెచ్చిన శీతల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ ఇదే. ఆ ఫొటోలు తీసేటప్పుడు ఇవాళ కూడా ఎక్కువ ప్రయోగశాలల్లో ఫోకస్‌ను ఒకటి రెండు మైక్రాన్ల మేర కావాలనే తప్పిస్తారు.